ఆంగ్లమున ‘వెయ్’ ధాతువు: తూగు, తూచు, మొగ్గు

ఆంగ్లభాషయందు బరువును, త్రాసును గూర్చి చెప్పు క్రియలలో ‘వెయ్’ అనునది ప్రధానమైనది. ఇది డబ్ల్యు, ఇ, ఐ, జి, హెచ్ అను నైదక్షరములతో వ్రాయబడును. కడపటి రెండక్షరములు నేడు పలుకబడవు. కావున నిది మార్గవాచకమగు ‘వే’ శబ్దముతో సమానముగానే వినబడును. పాఠశాలలలో నీ క్రియకు ‘తూచు’ అని యొక యర్థము చెప్పి ముందునకు సాగుట పరిపాటి. ఆ యర్థము తప్పు గాదు, కాని చాలదు. చాలకపోవుటచే గలుగు ననర్థ మెట్టిదో తెలియుటకు న్యాయస్థానమునకు సంబంధించిన రెండు వాక్యములను జూచిన జాలును.

మొదటి వాక్యమున న్యాయాధిపతి కర్త, ముద్దాయికి ప్రతికూలమైన సాక్ష్యము కర్మ, ‘వెయ్’ క్రియ. రెండవ వాక్యమున న్యాయాధిపతి కానరాడు; సాక్ష్యమే కర్తయై, ముద్దాయికి ప్రతికూలముగా ‘వెయ్’ అను క్రియను నెరపును. రెండింటను క్రియారూప మొక్కటే. ప్రతికూలత్వమును దెలుపు పదమును ఒక్కటే. మొదటి వాక్యమునకు, న్యాయాధిపతి యా సాక్ష్యము యొక్క బలాబలములను పరిశీలించెనని మాత్రమే యర్థము. పరిశీలించిన పిదప దానిని త్రోసివేసియు నుండవచ్చును. రెండవ వాక్యమునకు, సాక్ష్యము ముద్దాయికి వ్యతిరేకముగా మొగ్గినదని యర్థము. మొదటిది విచారణ, రెండవది నిర్ణయమునకు దారి. రెండింటిని ‘తూచు’ అను నొక్క మాటతో దెనిగించువాడు విచారణను తీర్పుగానో, తీర్పును విచారణగానో మార్చివేయును. కావున నీ క్రియ యెక్కడ నుండి వచ్చినది, ఎట్టి వాక్యములలో నెట్టి యర్థము నిచ్చును, తెలుగున దాని కెన్ని మాటలు వలయును అను విషయము విచారింపదగినది.

ప్రాచీనాంగ్లమున దీని రూపము ‘వెగన్’. మోయుట, కొనిపోవుట, ధరించుట, తూచుట అను నర్థము లన్నియు దానికి గలవు. ‘బేవుల్ఫ్’ అను ప్రాచీనకావ్యమున నిది ధరించుట, మోయుట అను నర్థములందు ప్రయుక్తమైనది. నేడు పలుకబడని జి, హెచ్ అను వర్ణములు పూర్వమచ్చట నుండిన కంఠ్యధ్వనికి మిగిలిన గుర్తులు. జర్మను భాషలోని ‘వీగెన్’, ‘వేగెన్’ అను సోదరరూపములందు గకార మిప్పటికిని స్పష్టముగా బలుకబడుచున్నది. భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిన ప్రకార మీ ధాతువు సంస్కృతమునందలి ‘వహ్’ ధాతువునకును, లాటిను నందలి ‘వెహెరె’ ధాతువునకును ఏకమూలకము. ధాతుపాఠమున ‘వహ’ ధాతువునకు ప్రాపణ మర్థముగా జెప్పబడినది. ప్రాపణ మనగా జేర్చుట. వాహనము, ప్రవాహము, వివాహము అను పదములు దీనినుండి పుట్టినవే. ఆంగ్లమున దారి యను నర్థముగల ‘వే’ శబ్దమును, బండి యను నర్థముగల ‘వాగన్’ శబ్దమును, లాటిను ద్వారమున వచ్చిన ‘వెహికిల్’ శబ్దమును ఈ కుటుంబములోనివే. తెలుగువాడు భారము వహించుట యనునపుడు పలుకు మాటయు, ఆంగ్లేయుడు బరువు తూచుట కుపయోగించు మాటయు నొక తల్లి బిడ్డలని చెప్పవచ్చును.

మోయుట తూచుటగా మారుట వింత గాదు. త్రాసు లేనిచోట బరువు తెలిసికొనుటకు మనుష్యునకు గల సాధనము చేయి యొక్కటే. వస్తువును పట్టి పైకెత్తినగాని దాని బరువు తెలియదు. ఎత్తుట నుండి ఎత్తి చూచుట, ఎత్తి చూచుట నుండి తూచుట ఈ క్రియకు వరుసగా నేర్పడిన యర్థములు. పాతయర్థము లాంగ్లమున నశించినను, ఒక్కచోట మాత్రము నిలిచినది. ఓడ బయలుదేరునపుడు సముద్రపు టడుగునుండి లంగరును పైకి లాగుటకు నావికులు ‘వెయ్’ అను క్రియనే వాడుదురు. అచ్చట దాని యర్థము ఎత్తుట. తూనికతో సంబంధము లేదు. నిఘంటువులో మొదటి యర్థమును మాత్రము చూచి ‘నావికులు లంగరును తూచిరి’ అని వ్రాసిన విద్యార్థి నవ్వులపాలగును. ‘లంగరెత్తిరి’ అనుటయే సరియైన తెలుగు. ఈ ప్రయోగ మాంగ్లేయులను సైతము భ్రమపెట్టినది. ఓడ సాగుచున్నదను నర్థమున ‘వే’ శబ్దముతో గూడిన పలుకుబడి యొకటి కలదు. లంగరెత్తుటకును ఓడ సాగుటకును గల సంబంధముచేతను, రెండు శబ్దము లొక్కరీతిగా వినబడుటచేతను, పదునెనిమిదవ శతాబ్ది చివర నుండి పలువు రా పలుకుబడిలో దారికి మారుగా బరువు నుంచి, ‘వే’ అను చోట ‘వెయ్’ అని వ్రాయజొచ్చిరి.

సంస్కృతమున తూనికకు ముఖ్యధాతువు ‘తుల’. ధాతుపాఠమున దీని యర్థము ఉన్మానము, అనగా పైకెత్తి కొలుచుట. దీనికి లాటినున ఎత్తుట యను నర్థము గల ‘తొల్లెరె’ ధాతువును, గ్రీకున త్రాసు, తూనిక యను నర్థములు గల ‘తలాంతొన్’ శబ్దమును జ్ఞాతులు. ఇచ్చటను మొదటి యర్థము ఎత్తుటయే, మోయుటయే. ఆంగ్లమున నేడు ప్రజ్ఞ యను నర్థమున వాడబడు ‘టాలెంటు’ ఆ గ్రీకు తూనికయే. తూనిక పేరు ధనపరిమాణమునకును, బైబిలులోని యొక దృష్టాంతకథ వలన ఆ ధనము వంటి సహజశక్తికిని సంక్రమించినది.

అయితే ‘తుల’ ధాతువు సంస్కృతమున వేరొక దారిని బట్టినది. తుల యనగా త్రాసు. త్రాసులో నొకవైపు తెలిసిన బరువును, మరియొకవైపు తెలియని బరువును ఉంచి, రెండును సమముగా నిలిచినపుడు తూనిక పూర్తియగును. కావున తులతో సరిచూడబడినది ‘తుల్యము’ అయినది. పాణినియు నీ పదమును తులా శబ్దమునుండియే సాధించెను. పోల్చుటకు ‘తులన’ అని పేరు వచ్చినది. ఇట్లు భారతీయులకు తూనిక యనగానే స్ఫురించునది సమత్వము. ఆంగ్లక్రియకు స్ఫురించునది భారము. ఈ భేదము చిన్నదిగా దోచును గాని, అనువాదమున దీని ఫలము పెద్దది. రెండింటిని పోల్చి చూచుట యను నర్థమున ‘వెయ్’ క్రియను వాడవలెనన్న ఆంగ్లేయుడు ‘ఒకదాని కెదురుగా వేరొకదానిని’ అని ప్రత్యేకముగా జెప్పవలసివచ్చును. సంస్కృతధాతువునం దా యెదురుచిప్ప ముందే యున్నది.

తెలుగు మాట యీ రెండింటికంటె భిన్నమైన మూలము గలది. ‘తూగు’ అను ధాతువునకు వ్రేలాడుట, ఊగుట, నిద్రకు తల వాల్చుట, బరువు కలిగియుండుట అను నర్థములు గలవు. తూగుటుయ్యెలలో నున్న తూగును, త్రాసులో నున్న తూగును ఒక్కటే. తమిళమున ‘తూంగు’ అనగా వ్రేలాడుట, నిద్రించుట. ‘తూక్కు’ అనగా ఎత్తుట, వ్రేలాడగట్టుట, తూచుట. కన్నడమున ‘తూగు’ అనగా తూచుటయు, తొట్టె నూపుటయు. దీనినిబట్టి ద్రావిడభాషలు మాటాడువారు తూనికను గూర్చి తలచునపుడు వారి కంటబడినది చేతితో నెత్తుట కాదు. కోలకు వ్రేలాడుచు అటునిటు నూగి కడకు నిలుకడ జెందు చిప్పయని తెలియును.

ఈ విషయమున తెలుగునకు లాటిను భాషతో నొక చక్కని పోలిక కలదు. లాటినున ‘పెండేరె’ అని రెండవ యచ్చు దీర్ఘముగా బలికిన వ్రేలాడుట యని యర్థము, ఇది అకర్మకము. ‘పెండెరె’ అని హ్రస్వముగా బలికిన తూచుట, తూచి చెల్లించుట యని యర్థము, ఇది సకర్మకము. నాణెములు వాడుకలోనికి రాకముందు లోహమును తూచి ఋణము తీర్చెడివారు గనుక తూచుటయే చెల్లించుట యైనది. ఆంగ్లమున ఉద్యోగవిరతుల కిచ్చు ‘పెన్షను’, వ్యయమును దెలుపు ‘స్పెండ్’, తూనికకును ధనమునకును పేరైన ‘పౌను’ ఇవన్నియు నా ధాతువువలన వచ్చినవే. మన దేశమున 1835 నుండి చెలామణియైన రూపాయి యొక తులము, అనగా 180 గ్రెయినుల బరువు గలదై యుండుటయు నిట్టి సంబంధమునే చూపును. ఆలోచించుట యను నర్థముగల ‘పాండర్’ అను క్రియయు బరువును దెలుపు లాటిను శబ్దమునుండి వచ్చినదే. త్రాసుకు పేరైన ‘బాలెన్సు’ అను మాట రెండు చిప్పలు గలదను నర్థమున నేర్పడిన లాటిను సమాసము. ఇట్లాంగ్లమున అంగడిలోను మనస్సులోను గూడ సంచరించునది దేశ్యమగు ‘వెయ్’ ధాతువు. మనస్సులో మాత్రమే నిలుచునది లాటిను ‘పాండర్’.

ఇక వ్యాకరణము. తెలుగున ‘కాగు–కాచు’, ‘దాగు–దాచు’ అను జంటలవలెనే ‘తూగు–తూచు’ అను జంట యేర్పడినది. మొదటిది అకర్మకము; రెండవది సకర్మకము. పాలు కాగును, గొల్లది పాలను గాచును. దొంగ దాగును, దొంగ సొమ్మును దాచును. బెల్లము తూగును, వర్తకుడు బెల్లమును తూచును. ఇట్టి జంట లాంగ్లమున పూర్వము విరివిగా నుండెడివి. పడుట, పడగొట్టుట, కూర్చుండుట, కుదుర్చుట, పరుండుట, పరుచుట అను నర్థములు గల క్రియలలో నవి నేటికిని మిగిలియున్నవి. కాని ‘వెయ్’ విషయమున నట్టి భేదము లేదు. వర్తకుడు చేయు పనియు, మూటకు గల గుణమును ఒక్క క్రియచేతనే చెప్పబడును. ఆంగ్లము చదువు తెలుగు బాలునకు గల్గు చిక్కంతయు నిచ్చట నున్నది. వాని మాతృభాషలో రెండుగా నున్నది పరభాషలో నొక్కటి యైనది. పంతులు దానికి ‘తూచు’ అను సగమును మాత్రమే చెప్పుచున్నాడు.

‘ఈ మూట ఎనిమిది వీసెలు తూగును’ అను వాక్యమును జూడుడు. మణుగు, వీసె, పలము అను పాత తూనికలు 1956 నాటి తూనికలు కొలతల చట్టము తరువాత క్రమముగా దొలగి, గ్రాములు, కిలోగ్రాములు వాని స్థానము నాక్రమించినవి. తులము మాత్రము బంగారపు బేరములలో మాటగా నిలిచినది. వ్యాకరణమున కీ మార్పుతో పనిలేదు. ఎనిమిది వీసెలైనను, ఎనిమిది కిలోలైనను వాక్యనిర్మాణ మొక్కటే. ఇచ్చట ‘ఎనిమిది వీసెలు’ అనునది కర్మయా? కాదు. అది పరిమాణము. పాణిని పరిమాణమాత్రమును దెలుపునపుడు ప్రథమావిభక్తిని విధించెను. ద్రోణమను కొలతగల వడ్లను జెప్పునపుడు ద్రోణశబ్దము ప్రథమలో నుండుట వ్యాఖ్యాతలు చూపు ప్రసిద్ధోదాహరణము. తెలుగునను ‘ఎనిమిది వీసెలను తూగును’ అని యెవ్వరు ననరు. ఆంగ్లమున ద్వితీయా విభక్తి నామవాచకములపై గానరాదు గనుక నీ భేదము కంటికి దెలియదు. కాని లోపల నున్నది. ‘వర్తకునిచే బెల్లము తూచబడినది’ అని కర్మణిప్రయోగము ఆంగ్లమున సాధ్యము. ‘మూటచే ఎనిమిది వీసెలు తూగబడినవి’ అనునది ఆంగ్లేయుని నోటను రాదు. ఇదియే పరీక్ష. వాక్యమును కర్మణిగా ద్రిప్ప సాధ్యమైనచో తూచు, కానిచో తూగు.

బరువునుండి మనస్సునకు వచ్చునపుడు ‘వెయ్’ క్రియ మరికొన్ని శాఖలుగా విడిపోవును. ఆంగ్లేయుడు తన మాటలను తూచి పలుకుననగా, తెలుగువాడు ఆచితూచి పలుకుననును. ఇంత చక్కగా నొకదానికొకటి సరితూగు పలుకుబళ్లు రెండు భాషలలో దొరకుట యరుదు. ఒక పథకమును మంచిచెడ్డలతో తూచి చూచుట యనునపుడు తెలుగున పర్యాలోచించుట, సాధకబాధకములు విచారించుట అను మాటలు వాడవచ్చును. ఇవన్నియు సకర్మకములు, తూచువాడు మనుష్యుడు. బైబిలులో దానియేలు గ్రంథమున బాబిలోను రాజు చూడగా గోడపై వ్రాయబడిన పదములలో నొకటి ‘టెకేల్’. ఆ యరమాయికు పదము తూనిక, తూనికపేరుగల ధనము అను నర్థములు గలది. యూదుల ‘షెకెల్’ శబ్దమునకు సోదరము. దానియేలు దాని కర్థము చెప్పుచు, రాజు త్రాసులో తూచబడి తక్కువగా తూగెనని తాత్పర్యమును దెలిపెను. ఇచ్చట తూచుటయు, తూగుటయు నొక వాక్యములోనే యున్నవి. ఆంగ్లానువాదమున తూచుటకు మాత్రమే ‘వెయ్’ ప్రయుక్తమై, తూగుటకు లోపమును దెలుపు వేరొక పదము వచ్చినది.

అకర్మకముగా మనస్సున బ్రయోగించునపుడు ‘వెయ్’ తరువాత వచ్చు చిన్నపదము, తెలుగు విభక్తిప్రత్యయము వంటిది, అర్థమును నిర్ణయించును. ‘తో’ అను నర్థముగల పదము వచ్చినచో, ఒకని మాట మరియొకనియొద్ద చెల్లినదని, గణింపబడినదని యర్థము. మంత్రి మాట రాజుతో ‘వెయ్’ చేసినదనగా రాజు దానిని మన్నించెనని భావము. తూనిక యొక్క పేరైనను దెలుగున నెత్త నక్కరలేదు. ‘మీద’ అను నర్థముగల పదము వచ్చినచో, దుఃఖమో బాధ్యతయో మనస్సుపై బరువై నిలిచి క్రుంగదీయుచున్నదని యర్థము. ‘క్రిందికి’ అను పదము వచ్చినచో క్రియ మరల సకర్మకమై, పండ్లబరువు కొమ్మను వంచినదనియో, అప్పు కుటుంబమును క్రుంగదీసినదనియో చెప్పును. ‘బయటికి’ అను పదము వచ్చినచో తూచి వేరుచేసి యిచ్చుట. ‘లోనికి’ అను పదముతో గుఱ్ఱపుపందెముల పలుకుబడి యేర్పడినది. స్వారీచేయువాడు పందెమునకు ముందొకసారి, పందెము ముగిసిన పిదప మరియొకసారి జీనుతో గూడ తూగవలెను. ముందరిది ‘బయటికి’, వెనుకటిది ‘లోనికి’. ముష్టియుద్ధము చేయువారు పోటీకి ముందు తూగుటకును ఈ వెనుకటి పేరే యున్నది. దీనినుండియే వాదములోనికి బలముతో దిగుట యను నర్థము వచ్చినది. ఇన్ని చోట్లను ‘తూచు’ అని వ్రాయువాని తెలుగు తెలుగువారికి బోధపడదు.

రెండింటిని పోల్చి యొకటి మిక్కిలి బరువుగలదని చెప్పుటకు ‘వెయ్’ ధాతువునకు ముందు అతిశయార్థకమగు నుపసర్గ చేర్చి ‘అవుట్‌వెయ్’ అందురు. దీనికి తెలుగున మించు, ఎక్కువ తూగు అనునవి చాలును. శిబిచక్రవర్తి కథ యిందు కనువైన యుదాహరణము. పావురమున కెదురుగా చక్రవర్తి తన మాంసమును కోసి త్రాసులో నుంచుచుండగా, ఎంత యుంచినను పావురమే యెక్కువ తూగెను. తుద కతడు తానే చిప్ప నెక్కెను. ఈ కథలో శిబి తూచువాడును, తూగువాడును నైనాడు. ఆంగ్లమున రెండు పనులకు నొక్క క్రియయే వచ్చును గనుక నా మార్పు క్రియలో గానరాదు. తెలుగున తూచు నుండి తూగునకు మారుటచేతనే కథ యొక్క పరాకాష్ఠ తెలియును. ‘సరితూగు’, సంపదలతో వర్ధిల్లుట యను నర్థముగల ‘తులతూగు’ అను పలుకుబళ్లు రెండును అకర్మకధాతువుతోనే యేర్పడుటయు గమనింపదగినది. తూగుట వస్తువు యొక్క గుణము. తూచుట మనుష్యుని కృత్యము. తెలుగు ఈ రెండింటి నెన్నడును గలుపదు.

మొగ్గుట వీనికి మూడవది. త్రాసులో రెండు చిప్పలు సమముగా నిలువనపుడు బరువైన చిప్ప క్రిందికి మొగ్గును, ముల్లు ఆవైపునకు వాలును. తూచుట వ్యాపారము, తూగుట గుణము, మొగ్గుట ఫలము. మొదట చెప్పిన న్యాయస్థానపు వాక్యములకు పరిష్కార మిచ్చటనే యున్నది. న్యాయాధిపతి సాక్ష్యమును తూచును. సాక్ష్యమునకు బలమున్నచో నది తూగును. దాని బలము ప్రతిపక్షపు బలమును మించినచో త్రాసు ముద్దాయికి ప్రతికూలముగా మొగ్గును. ఆంగ్లమున మూడు దశలకు ‘వెయ్’ అను నొక్క మాట చెల్లును.

ఈ భేదము కేవలము పండితుల వినోదమునకు గాదు. సాక్షులను లెక్కింపరాదు, తూచవలయును అనునది లాటిను న్యాయసూక్తి తాత్పర్యము. 1872 నాటి భారత సాక్ష్యచట్టములోని 134వ సెక్షను, ఏ విషయమునైనను రుజువుపరుచుటకు ఇంతమంది సాక్షులుండవలెనను నియమము లేదని చెప్పెను. ఆ చట్టమునకు బదులుగా 2023లో చేయబడిన భారతీయ సాక్ష్య అధినియమము 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చినది. అందును ఈ నియమము నిలిచియున్నది. దీని భావము ఒక్క సాక్షి మాటయైనను బలమైనదైనచో చాలునని. పదిమంది మాటలైనను బలహీనములైనచో చాలవని. ఇచ్చట ‘తూచు’ అను మాటకు బదులు ‘మొగ్గు’ అను నర్థమును గ్రహించినచో, సాక్ష్యమును పరిశీలింపక ముందే అది యొకవైపునకు వాలినదని చెప్పినట్లగును. తీర్పుల ననువదించువారు తెలుగున మూడు మాటలున్నవని మరువరాదు. వారి కలమునుండి వెలువడు క్రియనుబట్టి చదువరి న్యాయాధిపతిని నిష్పక్షపాతిగానో, పక్షపాతిగానో యూహించును. ముద్దాయి యా చదువరులలో నొకడు.

బోధించువారికి సులభమైన యుపాయ మొకటి కలదు. ‘వెయ్’ క్రియ గల వాక్యము వచ్చినపుడు విద్యార్థిచే వరుసగా ప్రశ్నలు వేయింపవలయును. ‘ఎవరు దేనిని?’ అను ప్రశ్నకు వాక్యములో సమాధానము దొరకినచో తూచు. ‘ఏది యెంత?’ అను ప్రశ్నకు సమాధానము దొరకినచో తూగు. ‘ఏది యేవైపునకు?’ అను ప్రశ్నకు సమాధానము దొరకినచో మొగ్గు. ‘ఏది యెవరి మీద?’ అనునది పొసగినచో బరువై యుండు, క్రుంగదీయు. ‘ఏది యెవరియొద్ద?’ అనునది పొసగినచో చెల్లు, గణింపబడు. ఓడయు లంగరును కనబడినచో ఎత్తు. ఈ యారు ప్రశ్నలకు లోబడని ప్రయోగము అరుదు. దొరకినచో నది యొకానొక ప్రత్యేకపు టాటకో, వృత్తికో చెందియుండును.

నిఘంటుకర్తలకును ఇందుండి తెలియవలసినది కలదు. 1884 నుండి 1928 వరకు భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు అర్థములను చరిత్రక్రమమున నమర్చు పద్ధతి నవలంబించెను. ఒక పదము యొక్క చరిత్ర తెలిసికొనుటకు అది యుత్తమమైన పద్ధతి. కాని యాంగ్లమునుండి తెలుగునకు వ్రాయబడు నిఘంటువునకు ప్రయోజనము వేరు. అందు తూచు, తూగు, మొగ్గు, ఆలోచించు, క్రుంగజేయు అని పర్యాయపదములను వరుసగా బేర్చుటవలన విద్యార్థి మొదటిదానిని గ్రహించి తక్కినవానిని విడుచును. ఈ పదములు పర్యాయములు గావు; వేర్వేరు వాక్యనిర్మాణములకు వేర్వేరు సమాధానములు. కావున క్రియ సకర్మకమా, అకర్మకమా యనునది మొదట, తరువాత దానితో జేరు చిన్నపదము, ఆ పిదప తెలుగు మాట, కడపట నొక చిన్న యుదాహరణవాక్యము నుండవలయును.

ఆంగ్లము ఎత్తి తూచినది. సంస్కృతము ఎత్తి సరిచూచినది. తెలుగు వ్రేలాడదీసి నిలుకడను కనిపెట్టినది. ఈ మూడు భాషలను చదువు పండితునకు మూడు త్రాసులు చేతనుండినట్లే. ఒకదానితో తూచినదానిని వేరొకదానికి మార్చునపుడు పడికట్టురాళ్లను మార్చుకొనవలయునని తెలిసిన చాలును. వాక్యము తప్పక సరితూగును.